అద్దం పక్క మనిషి

సోమవారం ఉదయం యజమాని గోడౌన్ మెట్ల దగ్గరికి వచ్చి, కిందికి వంగి పిలిచాడు.

"ఏమయ్యా కొక్కెం, చేతులు కడుక్కుని పైకి రా."

చేతులు కడుక్కోమనడం ఎప్పుడూ లేదు. పెట్టెల లెక్క తేడా వచ్చిందేమో అనుకున్నాడు. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ పన్నెండు మెట్లూ ఎక్కాడు.

అతనికి నలభై ఆరేళ్ళు. పద్నాలుగేళ్ళుగా ఆ కొట్టు కింద గోడౌన్‌లో బేళ్ళు దింపుతున్నాడు. వీపు నడుము పైనుంచి ముందుకు వంగింది. మెడ దానికంటే ముందుకు వచ్చింది. చొక్కాలు తగిలించే కొక్కెంలా ఉన్నాడని ఎవరో అన్నారు. ఆ పేరు నిలిచిపోయింది. అతనూ ఆ పేరుకే పలుకుతాడు.

కౌంటర్ మీద ఇటుక రంగు చొక్కా ఉంది. ఆ చొక్కా సంగతి అతనికి తెలుసు. ఐదు నెలల కిందట ఆర్డరు రాసినప్పుడు ఒక సున్నా ఎక్కువ పడింది. ఇరవై నాలుగు రావలసినవి రెండు వందల నలభై వచ్చాయి. వాటిని దింపింది అతనే, వరసగా పేర్చింది అతనే, మధ్యలో కలరా ఉండలు వేసింది కూడా అతనే.

కదలని సరుకును పనివాళ్ళ ఒంటికి ఎక్కించడం ఆ కొట్టు పద్ధతి. కొనేవాడు ర్యాక్‌లో ఉన్న చొక్కాను నమ్మడు, మనిషి మీద ఉన్న చొక్కాను నమ్ముతాడు అని యజమాని తండ్రి అనేవాడట. ఇటుక రంగు చొక్కాను రెండు వారాలు సీనియర్ సేల్స్‌మన్ వేసుకున్నాడు. అతన్ని అందరూ హీరో అంటారు. ముప్పై ఏళ్ళు, విశాలమైన భుజాలు, ఏది వేసినా అతని కోసమే కుట్టినట్టుంటుంది. రెండు వారాల్లో పది చొక్కాలు పోయాయి.

"ఇవాళ్టి నుంచి నువ్వు ఫ్లోర్ మీద ఉంటావు. ఇది వేసుకో," అన్నాడు యజమాని.

"నేనా సార్?"

"నువ్వే. ఈ కొట్లో ఎంతమంది కొక్కేలున్నారు?"

క్యాషియర్ అమ్మాయి నవ్వు ఆపుకుంది.

"నాకు అమ్మడం రాదు సార్."

"అమ్మమని ఎవరన్నారు? అద్దం పక్కన నిలబడు. కస్టమర్లు విప్పి పడేసినవి మడతపెట్టు. నోరు విప్పాల్సిన పని లేదు."

ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి తన చొక్కా విప్పి, ఇది తొడుక్కున్నాడు. నలభై సైజు. బయటికి వచ్చి పెద్ద అద్దం పక్కన నిలబడ్డాడు. ఇంట్లో ఉన్నది గడ్డం గీసుకునే అద్దం. అందులో ముఖం ఒక్కటే పడుతుంది. ఇక్కడ తల నుంచి చెప్పుల దాకా కనబడుతున్నాడు. ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉందని అప్పుడే తెలిసింది.

పదకొండు గంటలకు ఒకాయన వచ్చాడు. హీరో ఆయనకు ఇటుక రంగు చొక్కా చూపించాడు. ఆయన పెదవి విరిచాడు. హీరో ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఇద్దరూ అద్దం వైపు చూశారు. ఆ పెద్దమనిషి నవ్వాడు. చొక్కా తొడుక్కుని వచ్చి, కొక్కెం పక్కన నిలబడి అద్దంలో చూసుకున్నాడు. పక్కకు తిరిగాడు, పొట్ట లోపలికి పీల్చాడు, మళ్ళీ కొక్కెం వైపు చూశాడు. రెండు కొన్నాడు.

సాయంత్రానికి పంతొమ్మిది పోయాయి.

"ఏం మంత్రం వేశావన్నా?" అన్నాడు హీరో.

"ఏం లేదు. నిలబడ్డాను."

"అంతే. రేపూ అలాగే నిలబడు. ఒక్క పిసరు మారొద్దు."

ఆ రాత్రి అన్నం తింటూ భార్యతో చెప్పాడు. ఆమె ఒక ప్రింటింగు ప్రెస్సులో పుస్తకాలు కుడుతుంది. వేళ్ళ చివర ఎప్పుడూ జిగురు ఎండి ఉంటుంది.

"మిమ్మల్ని చూసి కొంటున్నారా?" అంది.

"చూస్తున్నారు. నవ్వుతున్నారు. కొంటున్నారు."

"చెడ్డ కాలం వచ్చిందన్నమాట లోకానికి," అని నవ్వి, ఇంకో గరిటె వడ్డించింది.

*

మంగళవారం ముప్పై ఒకటి పోయాయి. అద్దం పక్కన నిలబడి మడతలు పెడుతూ అతను మగవాళ్ళను చూడటం నేర్చుకున్నాడు. ట్రయల్ రూమ్ నుంచి వచ్చిన ప్రతివాడూ ముందు అద్దం చూడడు. తనను ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తాడు. తర్వాత పొట్ట చూసుకుంటాడు. తర్వాత రంగు. భుజం ఎవరూ చూడరు. చొక్కా చెడేది అక్కడే. భుజం కుట్టు ఎముక మీద నుంచి వేలెడు జారిందంటే మనిషి అన్నగారి చొక్కా వేసుకున్నట్టుంటాడు. వేలెడు లోపలికి వచ్చిందంటే చెయ్యెత్తలేడు.

పద్నాలుగేళ్ళుగా అతనికి ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు పెట్టెల మీది అంకెలు. ఇప్పుడవి మనుషులుగా కనిపించాయి. తన భుజం చూసుకున్నాడు. కుట్టు మోచేతి వైపు జారి ఉంది. మధ్యాహ్నం గోడౌన్‌లోకి దిగి ముప్పై ఎనిమిది తెచ్చి తొడుక్కున్నాడు. కుట్టు ఎముక మీద కూర్చుంది. అది అలా కూర్చోవాలంటే మాత్రం భుజాలు వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళ్తే వీపు లేవాలి.

ఇంట్లో తలుపు చట్రానికి ఆనుకుని నిలబడ్డాడు. మడమలు తగిలాయి, పిరుదులు తగిలాయి, భుజాలు తగల్లేదు. గట్టిగా ఊపిరి తీసి నొక్కాడు. వీపులో ఏదో పటుక్కుమంది. భుజాలు తగిలాయి.

"ఏంటా కసరత్తు? తలుపు పడిపోతుందా, పట్టుకుంటున్నారా?" అంది భార్య.

"నిలబడుతున్నాను."

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. "ఇంత పొడుగున్నారా మీరు?" అంది. ఈసారి నవ్వలేదు.

బుధవారం చొక్కా లోపలికి దోపుకున్నాడు. హీరో దోపుకునే తీరు చూసి పట్టుకున్నాడు. పక్కల మిగిలిన గుడ్డను రెండు వైపులా వెనక్కి మడిచి, ఆ మడతతో సహా ప్యాంటులోకి తొయ్యాలి. అప్పుడు ముందు చదునుగా ఉంటుంది. చేతులు రెండు మడతలు, మోచేతికి నాలుగు వేళ్ళ కింద దాకా. మూడో మడత వేస్తే పనివాడు, ఒకటే వేస్తే మరిచిపోయినవాడు.

ఆ రోజు మూడు గంటలప్పుడు ఒక సన్నటి మనిషి వచ్చాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి చొక్కా కావాలన్నాడు. హీరో ఇంకొకరితో ఉన్నాడు. ఆ మనిషి నలభై తొడుక్కుని అద్దం ముందుకు వచ్చి, తనను తాను చూసుకుని, విప్పడానికి గుండీ మీద చెయ్యి వేశాడు.

కొక్కెం నోరు విప్పాడు. "సార్, మీది ముప్పై ఎనిమిది."

"నాకు వదులుగా ఉంటేనే బాగుంటుందండీ. సన్నగా ఉన్నానని కనబడదు."

"వదులుగా ఉంటేనే కనబడుతుంది సార్. ఇది వేసి చూడండి. నచ్చకపోతే నేనే మడతపెడతాను, అది నా పనే."

ఆ మనిషి ముప్పై ఎనిమిది వేసుకొచ్చాడు. కొక్కెం అతని వెనక నిలబడి కాలరు కింద చెయ్యి పెట్టి సర్దాడు. చేతులకు రెండు మడతలు వేశాడు. పక్కల గుడ్డను వెనక్కి మడిచి చూపించాడు. ఆ మనిషి అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. పొట్ట పీల్చలేదు. చుట్టూ చూడలేదు.

"ఇలాగే వేసుకుని వెళ్ళొచ్చా?" అన్నాడు.

"వెళ్ళండి సార్. పాతది కవర్లో పెడతాను."

పాతదాన్ని కొక్కెం కొత్తదానిలా మడిచి కవర్లో పెట్టాడు. మనిషి తలుపు దాటి రోడ్డు మీద నడుస్తుంటే గాజులోంచి చూశాడు. ఆ రోజు ఇరవై నాలుగు పోయాయి. అందులో ఒకటి తను అమ్మింది.

గురువారం పొద్దున్నే క్షవరం చేయించుకున్నాడు. చెప్పులు మాని, పెళ్ళిళ్ళకు వేసుకునే బూట్లకు పాలిష్ పెట్టాడు. బెల్టుకు కొత్త కన్నం పొడిచాడు. భార్య చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

"మీ కొట్టు వాళ్ళు ఏమంటున్నారు?" అంది.

"కస్టమర్లు చూసే చూపు చూడాలి నువ్వు."

"శనివారం మాకు ప్రెస్సులో మూడింటికే వదిలేస్తారు. వచ్చి చూస్తాను."

గురువారం తొమ్మిదే పోయాయి. వర్షం కాబోలనుకున్నాడు. వర్షం పది నిమిషాలే పడింది.

*

శుక్రవారం పన్నెండు దాకా ఒక్కటే పోయింది. కొట్టు ఖాళీగా ఉంది. యజమాని కౌంటర్ వెనక నుంచి లేచి వచ్చాడు. కొక్కేన్ని పైనుంచి కిందికి చూశాడు. బూట్ల దగ్గర ఆగాడు.

"ఏంటయ్యా ఈ అవతారం? క్షవరం ఎవరు చేయించుకోమన్నారు?"

"నేనే సార్. నీటుగా ఉంటుందని."

"నీటుగా ఉంటుందని!" యజమాని హీరో వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదా వీడికి?"

"చెప్పాను సార్, ఒక్క పిసరు మారొద్దని. వింటేనా?"

యజమాని కాసేపు తల గీక్కున్నాడు. తర్వాత ఇద్దరినీ అద్దం ముందుకు పిలిచాడు. హీరోను ఎడమవైపు, కొక్కేన్ని కుడివైపు నిలబెట్టాడు. ఇటుక రంగు చొక్కా ఒకటి తన గుండెలకు ఆనించుకుని మధ్యలో నిలబడ్డాడు.

"చూడు. హీరో పక్కన నేనెలా ఉన్నాను? ముసలి ఎద్దులా ఉన్నాను. కొంటానా? కొనను. ఇంటికెళ్ళి పడుకుంటాను. ఇప్పుడు నీ పక్కకు జరుగుతున్నాను." జరిగాడు. "సోమవారం ఇక్కడ నిలబడితే రాజులా ఉండేవాణ్ణి. మంగళవారం కూడా. ఇవాళ లేను. ఎందుకు లేను?"

కొక్కెం అద్దంలో ముగ్గురినీ చూశాడు.

"నీకు నిజంగా తెలియదా? హీరో, చెప్పు, నువ్వు కస్టమర్లతో ఏం చెబుతావో."

హీరో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "సార్, అదిగో మావాణ్ణి చూడండి. ఆ వాలకం మీదే చొక్కా అంత బాగుంటే, మీ మీద ఎలా ఉంటుందో మీరే చెప్పండి."

కొక్కేనికి ఎదురుగా ఉన్నప్పుడు హీరో 'అన్నా' అంటాడు. క్యాషియర్ అమ్మాయి సొరుగు తెరిచి, అందులో దేనికోసమో వెతుకుతోంది.

"అందరికీ తెలుసా సార్?" అన్నాడు కొక్కెం.

"వాచ్‌మన్‌కి కూడా తెలుసు. నీకూ తెలుసనుకున్నాను. లేకపోతే గోడౌన్‌లో ఉన్నవాణ్ణి పైకెందుకు తెస్తాను?" యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించాడు. "నాకు నీ మీద కోపం లేదయ్యా. పనిమంతుడివి. ఐదు నెలలు కదలని సరుకు మూడు రోజుల్లో డెబ్బై నాలుగు కదిలించావు. ఇది హీరో వల్ల కాలేదు, నా వల్ల కాలేదు. మిగిలినవి కూడా పంపించెయ్. పంపిస్తే నువ్వు ఫ్లోర్ మనిషివి. ఈ సరుకు తర్వాత ఇంకో సరుకు. బేళ్ళు మొయ్యక్కర్లేదు. నడుము మిగులుతుంది."

"అంటే నేను బాగా కనబడకూడదు."

"అంతే. ఎంత సులువో చూడు. ఒళ్ళు వంచాలి, అది నీకు కొత్త కాదు." హీరోను టీ తెమ్మన్నాడు. "కొక్కేనికి కూడా ఒకటి."

టీ తాగాడు. గ్లాసు కడిగి పెట్టాడు. గోడౌన్‌లోకి దిగి పెట్టె మీద కూర్చున్నాడు. పైన నడుస్తున్న కాళ్ళ చప్పుడు వినబడుతోంది. ఐదు నిమిషాలు కూర్చుని లేచాడు. నలభై రెండు పెట్టె విప్పాడు.

ఇప్పుడతనికి పని తెలుసు. చొక్కా నలిపితే లాభం లేదు, చొక్కా బాగుండాలి. మనిషి బాగుండకూడదు. భుజం కుట్టు వేలెడు కాదు, రెండు వేళ్ళు జారాలి. బెల్టు తీసేశాడు. బూట్లు విప్పి గోడౌన్ చెప్పులు వేసుకున్నాడు. చొక్కా బయటికి వదిలాడు. జుట్టు మీద నీళ్ళు చల్లి ముందుకు దువ్వాడు. ఎడమ భుజం కిందికి వదిలాడు. మెడ ముందుకు తోశాడు. మరీ తోస్తే వేషమని తెలిసిపోతుంది. అద్దం ముందుకొచ్చి కొంచెం తగ్గించాడు.

హీరో చూసి, "అబ్బ! అదీ కొక్కెమంటే!" అన్నాడు.

మూడు రోజులు లేచి ఉన్న వీపు వంగడానికి ఒప్పుకోలేదు. సోమవారం లేని నొప్పి శుక్రవారం వచ్చింది. మొదటి కస్టమర్ నవ్వినప్పుడు అతను మడత మీది నుంచి తల ఎత్తలేదు. రెండోవాడు నవ్వకపోతే మాత్రం భుజాన్ని ఇంకొంచెం వదిలాడు. రెండోవాడు నవ్వాడు, కొన్నాడు. సాయంత్రానికి ముప్పై మూడు పోయాయి.

"ఎందుకలా నడుస్తున్నారు?" అంది భార్య.

"నడుం పట్టింది."

"కొట్లో ఏమన్నారు?"

"మిగిలిన సరుకు పోతే ఫ్లోర్ నాదేనన్నారు. పర్మనెంటుగా."

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. చేతిలో పని ఆపి చూసింది. "ఈ మాట ఇంత నెమ్మదిగా చెబుతారేం? నేను రేపు వస్తున్నాను."

"రేపొద్దు. రద్దీగా ఉంటుంది."

"రద్దీలోనే చూడాలి."

"చెప్పేది విను. నేను పనిలో ఉంటే నీతో మాట్లాడటానికి కుదరదు."

"మాట్లాడమని ఎవరన్నారు? చూసి వస్తాను," అంది.

*

శనివారం మధ్యాహ్నం మూడుకు అరవై ఒకటి పోయాయి. ఇంకా యాభై రెండు. యజమాని రెండుసార్లు వచ్చి అతని వీపు తట్టి వెళ్ళాడు. "సాయంత్రానికి ఊడ్చేస్తావు," అన్నాడు.

మూడున్నరకు ఆమె వచ్చింది. ప్రెస్సు నుంచి నేరుగా వచ్చింది, చేతిలో టిఫిన్ బాక్సు సంచి ఉంది. తలుపు దగ్గర నిలబడి వెతికింది. అతను ఆమెను అద్దంలో చూశాడు. మడత మీదికి ఇంకా వంగాడు. వంగిన వీపును ఇరవై ఏళ్ళుగా ఎరిగిన మనిషి కనుక ఆ వీపు దగ్గరే ఆమె చూపు ఆగింది. పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు. ఒక అడుగు ముందుకు వేసింది.

హీరో ఎదురొచ్చాడు. "రండమ్మా. మీవారికా, అబ్బాయికా?"

ఆమె హీరో భుజం మీదుగా అద్దం వైపే చూస్తోంది.

"మీవారికేనా? కొత్తగా వచ్చింది, ఇటుక రంగు. రంగు చూసి భయపడకండి." చొక్కా ఒకటి విప్పి ఆమె ముందు పరిచాడు. "చేతిలో తెలియదమ్మా. అదిగో, అద్దం పక్కన మావాణ్ణి చూడండి. ఆ వాలకం మీదే చొక్కా అంత బాగుంటే, మీవారి మీద ఎలా ఉంటుందో మీరే చెప్పండి."

అద్దం ముందు అప్పటికే ఒక కస్టమర్ ఉన్నాడు. తనకూ తమ్ముళ్ళకూ కలిపి మూడు తీసుకుంటానన్నవాడు, ఒకటి తొడుక్కుని చూసుకుంటున్నాడు. హీరో మాట విని ఇంకోసారి నవ్వాడు.

కొక్కెం మడతపెడుతున్న చొక్కాకు గుండుసూది గుచ్చుతున్నాడు. లోపలి అట్ట దాటి సూది వేలికి దిగింది. వేలు తీయలేదు. ఆమె ఇప్పుడు ఏమంటుందోనని ఆగాడు. నా మొగుణ్ణి పట్టుకుని ఏంటా మాట అంటుంది. కొట్టు మొత్తం తిరిగి చూస్తుంది.

ఆమె టిఫిన్ సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఇంకా ఎన్నున్నాయి ఇవి?" అంది.

"యాభై దాకా ఉన్నాయమ్మా. పొద్దుటి నుంచి అందరూ ఇవే."

"రెండివ్వండి."

"సైజు?"

"ముప్పై ఎనిమిది."

"సన్నగా ఉంటారా మీవారు?"

"సన్నగా ఉంటారు," అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నిటారుగా ఉంటారు."

ఆమె పర్సు తీసి కౌంటర్ వైపు నడిచింది. అద్దం వైపు చూడలేదు.

కొక్కెం వేలి నుంచి సూది లాగాడు. చొక్కా మీద మరక పడకుండా వేలు నోట్లో పెట్టుకుని తీశాడు. మడత పక్కన పెట్టాడు. మడమలు దగ్గరికి తెచ్చాడు. ఊపిరి తీసుకుని భుజాలు వెనక్కి నొక్కాడు. అక్కడ తలుపు చట్రం లేదు, అయినా భుజాలు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాయి. నలభై రెండు సైజు చొక్కా పక్కలను రెండు గుప్పెళ్ళతో పట్టి వెనక్కి మడిచి, మడతతో సహా ప్యాంటులోకి తోశాడు. ఎడమ చేతికి రెండు మడతలు వేశాడు. కుడి చేతికి రెండు మడతలు వేశాడు. జుట్టును వేళ్ళతో వెనక్కి దువ్వాడు. కాలరు సర్దుకున్నాడు. తొందరపడలేదు. కౌంటర్ దగ్గర పర్సు తెరుస్తున్న ఆమె తల తిప్పి చూసింది.

అద్దం ముందున్న కస్టమర్ ఇదంతా చూశాడు. అతని నవ్వు పోయింది. తన చొక్కా చూసుకున్నాడు, పక్కవాడిది చూశాడు. చేతికి ఒక మడత వేసుకుని, విప్పేశాడు. ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళి తన చొక్కాతో బయటికి వచ్చాడు.

"ఎన్ని కట్టమంటారు సార్? మూడేగా?" అన్నాడు హీరో.

"వద్దులెండి."

"అదేంటి సార్, ఇప్పటిదాకా బాగుందన్నారు?"

ఆ మనిషి గడ్డంతో అద్దం వైపు చూపించాడు. "ఆయన వేసుకున్నట్టు నాకు రాదండీ. అది వేసుకునేవాళ్ళు వేసుకోవాలి." ఇటుక రంగు చొక్కా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చేతిలో అదే చొక్కా పట్టుకుని క్యూలో ఉన్న ఇంకొకతను ఆ మాట విని అద్దం వైపు చూశాడు. తన చేతిలోది విప్పి, గుండెలకు ఆనించుకుని, మళ్ళీ మడిచి ర్యాక్‌లో పెట్టేశాడు.

పద్నాలుగేళ్ళలో ఆ కొట్లో అతని గురించి ఎవరూ అలాంటి మాట అనలేదు.

యజమాని కౌంటర్ దగ్గరి నుంచి చూస్తున్నాడు. అరవలేదు. కస్టమర్లున్నారు. నడిచి వచ్చి, చొక్కా సర్దుతున్నట్టు అతని కాలరు పట్టుకుని చెవిలో చెప్పాడు.

"కొక్కెం. కిందికి."

"సరే సార్."

"చొక్కా విప్పి ఇచ్చి వెళ్ళు. సరుకు కొట్టుది." తల తిప్పి హీరోతో అన్నాడు, "వాచ్‌మన్‌ని పిలు. వాడివి ఎత్తుపళ్ళే కదా, చూద్దాం."

ట్రయల్ రూమ్‌లో ఎవరో ఉన్నారు. అతను అద్దం పక్కనే నిలబడి గుండీలు విప్పాడు. మడతలు విప్పి చేతులు దించాడు. చొక్కా తీశాడు. లోపల బనీను. ఎడమ చంక కింద చిరుగు ఉంది. చొక్కాను బల్ల మీద బోర్లా వేసి, వీపు మీద అట్ట పెట్టి, రెండు పక్కలు మడిచి, చేతులు మడిచి, కాలరు లోపల ప్లాస్టిక్ పట్టీ పెట్టాడు. సూదులు గుచ్చాడు. నలభై రెండు వరసలో పెట్టాడు. తన చొక్కా గోడౌన్‌లో మేకుకు ఉంది.

మెట్ల వైపు తిరిగేసరికి యజమాని మళ్ళీ పిలిచాడు. "పోయేముందు ఆవిడవి ప్యాక్ చేసి పో. హీరో ఖాళీగా లేడు."

కౌంటర్ చివర ఆమె బిల్లు పట్టుకుని నిలబడి ఉంది. మధ్యలో బల్ల. క్యాషియర్ అమ్మాయి రెండు చొక్కాలు అతని ముందుకు జరిపింది. ముప్పై ఎనిమిదేనా అని కాలరు తిప్పి చూశాడు. కవరు తెరిచాడు. ఆమె అతని బనీను వైపు చూడలేదు, ముఖం వైపు చూసింది. పెదవులు కదిలాయి. అతను కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. పక్కన యజమాని ఉన్నాడు, క్యాషియర్ ఉంది, ఇద్దరు కస్టమర్లు ఉన్నారు.

చొక్కాలు కవర్లో పెట్టి, బిల్లు మీద గుర్తు వేసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

ఆమె అందుకుంది. వెళ్ళలేదు. "సరిపోకపోతే మారుస్తారా?" అంది.

"సరిపోతుందమ్మా," అన్నాడు. "ఇప్పుడే చూశారు కదా."

వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వస్తున్నాడు. ఆమె పక్కకు తప్పుకుని అతనికి దారి ఇచ్చి, బయటికి వెళ్ళింది. గోడౌన్ మెట్లు దిగేవాడికి కొట్టు గాజులోంచి రోడ్డు కనబడదు.